నేర మొకరిది, నింద యొకరికి

(మహాసభ రెండవ దినమునఁ గావించిన యుపన్యాసము)



నిన్నటి దినమున నీ వేదికపై నూలు ధరను గూర్చియు, సహకార సంఘముల బాకీలను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు విలువగల మాటలు సెలవిచ్చిరి. ఆ విషయములలో నాకుఁ గల జ్ఞానము స్వల్పము. నేను నలువదేండ్లకు మించి వకీలు పని చేసినవాఁడను. నల్లగొండ, మహబూబునగరము జిల్లాల కోర్టు వసారాలలో నిత్యమును నా కన్నులఁ బడినట్టిదియు, మన కులమునకు నేరుగా సంబంధించినట్టిదియు నగు నొక విషయమును విన్నవించుటకై నేఁడు నిలిచితిని. అది వినుట కింపైనది కాదు. పెండ్లి పందిటిలోఁ దగవు మాట యెత్తినట్లుండునేమో యని కొంత సంకోచించితిని. కాని మన మిందఱము నొక్కచోఁ జేరుట యేఁటి కొక్కసారి గదా! ఇప్పుడు చెప్పకున్న మఱెప్పుడు చెప్పఁగలను?

నేరము జరిగినపుడు దోషము చేసినవానిది. ఇది పసిబాలునికిఁ దెలిసిన ధర్మము. అయినను, నేరమునకు గుఱియైనవారు నా యొద్దకు వచ్చి మొట్టమొదట పలుకు మాట మీరు వినవలెను. ఇల్లు దోపిడి యైనవాఁడు, ‘తాళము గట్టిది వేయకపోతిని’ అనును. మగనిచే దెబ్బలు తిన్న యిల్లాలు, ‘నేనా వేళ నెదురు పలుకకుండవలసినది’ అనును. బిడ్డను గోలుపోయిన తల్లి, ‘ఆ దినము నేనే పంపితిని’ అని నెత్తి బాదుకొనును. ముద్దాయి యిస్త్రీ చొక్కా దొడిగి తల యెత్తుకొని వచ్చును. ఫిర్యాది తల వంచుకొని గోడ ప్రక్క నిలిచియుండును. క్రొత్తగా వచ్చినవాఁడు చూచినచో, వీరిలో ముద్దాయి యెవ్వరో, ఫిర్యాది యెవ్వరో తాఱుమాఱుగా భావించును.

ఒక్క యుదాహరణము చెప్పెదను. మన కులస్థుఁడే, చేనేత పనివాఁడు, కూఁతురి పెండ్లికై యెనిమిదేండ్లు చీటీ కట్టెను. చీటీ నడపినవాఁడు రాత్రికి రాత్రి యూరు విడిచి పోయెను. ఇతఁడు రెండు నెలల వఱకు ఠాణాకుఁ బోలేదు. పోకపోవుటయే కాదు, రాత్రి భోజనము మానెను. చాయ మానెను, బీడి మానెను. నడిరేయి దాఁక మగ్గపు గుంటలోఁ గూర్చుండి నేయసాగెను. భార్య యేడ్చుచు నన్నుఁ బిలిపించెను. ‘ఎందుల కిట్లు చేయుచున్నావయ్యా’ యని యడిగితిని. ‘వకీలు సాబూ, మోసపోయిన తెలివి నాది. ఈ కడుపుకు శిక్ష పడాలె’ అనెను. చూచితిరా! మోసగాఁడు పరారిలో నున్నాఁడు. అతనికిఁ బడవలసిన శిక్ష నీతఁడు తనకుఁ దానే విధించుకొని, తానే యమలు జరుపుకొనుచున్నాఁడు. న్యాయాధిపతియుఁ దానే, ముద్దాయియుఁ దానే, కారాగారపు కావలివాఁడునుఁ దానే.

ఈ కాలమున ఫోనులో పోలీసులమని బెదరించి సొమ్ము కాఁజేయు మోసములు పెక్కు జరుగుచున్నవి. వీనికిఁ జిక్కినవారిలోను నిదే మౌనమును జూచుచున్నాను. చదువుకొన్నవాఁడనై యుండి మోసపోతినని సిగ్గుపడి యాలుబిడ్డలకైనఁ జెప్పరు. సొమ్ము చేతులు మాఱక మునుపే 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో, దానిని నిలిపివేయుట కవకాశము కలదు. ఆ మొదటి గంటలు సిగ్గులోనే కరగిపోవును. కావున ఆత్మనింద యనునది మనోవ్యథ మాత్రమే కాదు. దొంగకు దొరకిన రెండవ సహాయము.

మనుష్యుఁ డిట్లేల చేయును? దీనిని గూర్చి మానసశాస్త్రజ్ఞులు చాల విచారించిరి. రోనీ జానాఫ్-బుల్మన్ అను అమెరికా విదుషీమణి 1979వ సంవత్సరమున ఆత్మనింద రెండు తెఱఁగులని వివరించెను. ‘ఆ త్రోవను పోకుండవలసినది’ అని తన చేఁతను నిందించుకొనుట మొదటిది. ‘నేనే యట్టిదానను, నాకిట్లే కావలె’ అని తన స్వభావమునే నిందించుకొనుట రెండవది. మొదటిదానిలోఁ గొంత యాశ దాఁగియుండును. తప్పు నా చేఁతలో నున్నచో, ఇఁకమీఁద నట్లు చేయకుండినఁ జాలును, మరల నీ యాపద రాదు అని మనస్సు ధైర్యము తెచ్చుకొనఁ జూచును. కారణము లేకయే కష్టము వచ్చినదని యొప్పుకొనుటకంటె, కారణము నేనే యని యొప్పుకొనుట మనస్సునకు సులభము. రెండవ తెఱఁగునం దీ యాశయు నుండదు. అది చెదపురుగువలె లోలోపలఁ దినివేయును.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. కారణము వేఱు, దోషము వేఱు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని బొమ్మలరామారము మండలమున హాజీపురము అను చిన్న గ్రామము కలదు. 2019 ఏప్రిలులో నచ్చటి పాడుబావులలో ముగ్గురు బాలికల దేహావశేషములు బయల్పడెను. వారిలో నొక బాలిక 2015వ సంవత్సరము నుండియే కనఁబడకుండెను. ఊరికి సరియైన బస్సు లేకపోవుటచే, ఎవరైన బండిపై నెక్కించుకొందు మన్నచో నెక్కి యిల్లు చేరుట పిల్లల కలవాటయ్యెను. బండి యెక్కుట సంఘటనకుఁ గారణములలో నొకటి కావచ్చును. దోషము మాత్రము కాదు. బస్సు లేకపోవుట ఊరి కొఱఁత, దొరతనము వారి యుపేక్ష. దోషము చంపినవానిది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానము వానికి మరణశిక్ష విధించెను. ‘బడికిఁ బంపితిమి గదా’ యని తల్లిదండ్రులు కుములుట సహజమే. బడికిఁ బంపుట నేర మని చెప్పఁగల ధర్మశాస్త్ర మే దేశమునను లేదు.

ఇంతవఱకు బాధితుఁడు తన్నుఁ దాను నిందించుకొనుటను గూర్చి చెప్పితిని. ఇఁక మన వంతు. మెల్విన్ లర్నరు అను మఱియొక పండితుఁడు, 1966వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడిన తన పరీక్షలో, ఒక స్త్రీ విద్యుదాఘాతములకు బాధపడుచున్నట్లు కొందఱు విద్యార్థినులకుఁ జూపెను. ఆమె నిజముగా బాధపడలేదు, నటించెను. కాని చూపరుల కది తెలియదు. ఆమె బాధను దప్పించుట తమ చేతిలో నున్నదని తెలిసినవారు తప్పించిరి. ఏమియుఁ జేయలేని స్థితిలో నుంచఁబడినవారో, చూచుచున్నకొలఁది ఆమెను చులకన చేయసాగిరి. ఏల? లోకము న్యాయముగా నడచుచున్నదని మన మందఱమును నమ్మఁ గోరుదుము. నిర్దోషి బాధపడుచుండఁగాఁ జూచుట భరింపరానిది. అపుడు ‘ఆమెలోనే యేదో లోపమున్నది’ అని తీర్మానించుకొన్నచో మనకు నిద్ర పట్టును. కావున సోదరులారా, ‘ఆ వేళ నచ్చటి కేల పోతివి’ అని మన మడుగు ప్రశ్న విచారణ కాదు. అది మన భయము. మన యింటి కాపద రాదని మనకు మనము చెప్పుకొను ధైర్యవచనము. దాని మూల్యము బాధితుఁడు చెల్లించుచున్నాఁడు.

ఈ ధైర్యవచనమునకు మన దేశమునఁ ‘గర్మ’ యను పేరు పెట్టి ధర్మముగాఁ జేసితిమి. కాని మన పురాణములలోనే దీనికి సమాధానము కలదు. మహాభారతము ఆదిపర్వములో మాండవ్య మహాముని కథ మీ రెఱుఁగుదురు. దొంగలు తెచ్చి దాఁచిన సొమ్ము ఆశ్రమములో దొరకుటచే, మౌనవ్రతములో నున్న యా మునిని రాజభటులు శూలమున నెక్కించిరి. తరువాత నాతఁడు ధర్మదేవత కడకుఁ బోయి, ‘నే నేమి పాపము చేసితిని’ అని ప్రశ్నించెను. బాల్యమునఁ బురుగులను గ్రుచ్చి యాడుకొంటివి, దాని ఫల మిది యని ధర్ముఁడు బదులిచ్చెను. మన మైనచో, ‘అట్లా, నా ఖర్మ’ యని చేతులు జోడించి వచ్చియుందుము. మాండవ్యుఁ డట్లు చేయలేదు. ఇంత చిన్న దోషమునకు నింత పెద్ద దండనమా యని ధర్మదేవతనే నిలదీసి శపించెను. ఆ శాపముచేతనే ధర్ముఁడు విదురుఁడై జన్మించెను. పదునాలుగేండ్లలోపు బాలుని చేఁతకుఁ బాపము లేదని యా నాఁడే మర్యాద నేర్పఱచెను. కష్టపడినవానితో ‘ఇది నీ పాపఫలము’ అని చెప్పినవాఁడు సాక్షాత్తు ధర్మదేవత యైనను శిక్షార్హుఁడే యని గదా యీ కథ చెప్పుచున్నది!

ఇపుడు నా దోషము నొకదానిని మీ యెదుటఁ జెప్పుకొనవలసి యున్నది. మన తెలంగాణమున ‘తప్పు’ అను మాటకు రెండర్థము లుండెను: దోష మనియు, కులపంచాయతి విధించు దండుగ యనియు. 1976వ సంవత్సరమున నేను క్రొత్తగా నల్లా కోటు తొడిగినవాఁడను. ఒక గ్రామమున మన వారి పిల్ల, పదునాఱేండ్లది, చీఁకటి పడినవేళ చెఱువుకు నీళ్లకుఁ బోయి యొక బలవంతుని చేతఁ జెఱుపఁబడెను. కులపెద్దలు కూడిరి. చదువుకొన్నవాఁడ నని నన్నును గూర్చుండఁ బెట్టిరి. చేసినవాఁ డన్యకులస్థుఁడు, భూమి గలవాఁడు. వానిపై మన పంచాయతి కధికారము లేదు, ధైర్యమంతకంటె లేదు. మఱి కూడినందులకు నేదో యొక తీర్పు చెప్పవలె గదా! పిల్ల తండ్రికి నైదువందల రూపాయల తప్పు వేసిరి. శుద్ధి చేసి కులమునకు విందు పెట్టు మనిరి. నే నెదురు చెప్పలేదు. కాగితముపై సంతకము చేసితిని. విందులోఁ గూర్చుండి యన్నము తింటిని.

ఆ తండ్రి మగ్గ మమ్మి తప్పు కట్టెను. కుటుంబమంతయు నల్లగొండ నేఁతగాండ్రు పలువురు పోయినట్లే భీవండికి వలసపోయెను. ఇరువదేండ్ల తరువాత నొక పెండ్లికి భీవండికిఁ బోయి వారి యిల్లు వెదకి చేరితిని. క్షమాపణ కోరుదమని నోరు తెఱవక మునుపే ఆ ముసలివాఁడు, ‘పెద్దలు మంచిగనె తీర్పు చెప్పిన్రు సాబూ. తప్పు మాదే గద’ అనెను. తప్పు కట్టినట్లు మన పెద్ద లిచ్చిన చీటీని పెట్టెలో పదిలముగా దాఁచియుంచెను. ఆమె లోపలినుండి వచ్చి, ‘పెద్దనాయినా, నేనా పొద్దు జర్ర జల్ది పోయుంటే గిట్ల కాకుండె గద’ అని యడిగెను. ఇరువదేండ్లనుండి ఆమె యా ప్రశ్న నడుగుచునే యున్నది. ‘తల్లీ, నీళ్లకుఁ బోవుట తప్పు గాదు. తప్పు వానిది, తరువాతి తప్పు మాది’ అని చెప్పితిని. ఆమె నమ్మినదో లేదో యెఱుఁగను. మేము చీటీ వ్రాసి యిచ్చితిమి గదా! వ్రాఁతకు మాట సాటి వచ్చునా?

నా యాత్మనింద వేఱు, ఆమె యాత్మనింద వేఱు. నేను చేసినదానికి నేను సిగ్గుపడుచున్నాను. అది యుచితము, అది నాకుండవలసినదే. ఆమె చేయనిదానికి సిగ్గుపడినది. ఈ రెండును మన భాషలో నొక్క మాటే యగుటచేత, మనసులోఁ గూడ నొక్కటే యగుచున్నవి.

బాధితుఁ డిట్లు తల వంచుట మన గడ్డకు స్వభావము కాదు. వెట్టిచాకిరి దినములలో దొర దెబ్బ కొట్టినను ‘మా రాత’ యని యూరకుండుట పల్లెలలోఁ బరిపాటిగా నుండెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, 1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభలు జరిగెను. ఆ యధ్యక్షు లిరువురును మహబూబునగరము జిల్లావారే. అప్పటినుండి వెట్టి యనునది రాత కాదు, అన్యాయమను మాట యూరూరఁ బాఁకెను. నాఁడు నల్లగొండ జిల్లాలో నుండిన జనగామ తాలూకా పాలకుర్తిలోఁ జాకలి ఐలమ్మ తన కౌలు భూమిలోని పంటను దేశముఖుకు దక్కనీయక నిలిచెను. ఆమెకు జరిగిన యన్యాయములు తక్కువ కావు. ఆమె వానికిఁ దన్ను నిందించుకొనక, చేసినవాని పేరు నోరార పలికెను. ఆ దినమున ఆమె ప్రక్కను సంఘము నిలిచినదని మఱవరాదు. ఒంటరిగా నున్నవాఁడు కర్మ యనును. ప్రక్కను పదిమంది నిలిచినచో నన్యాయ మనును.

ఇఁక దండనేచ్ఛను గూర్చి. ‘వానికి శిక్ష పడవలె’ నని బాధితుఁడు కోరుట పాపమా? కొందఱు పెద్దలు క్షమింపుఁ డని వెంటనే బోధింతురు. క్షమ గొప్పదే, కాని యది బాధితుఁడు తనంతట నిచ్చు వరము, పంచాయతి వసూలు చేయు పన్ను కాదు. శిక్షను గోరుటలో ముఖ్యమైనది పగ కాదు. ‘తప్పు నాది కాదని లోకము ముందు నొక్కరు చెప్పవలె’ నను నార్తి యందున్నది. న్యాయస్థానపు తీర్పు రెండు పనులు చేయును. వీఁడు దోషి యని చెప్పును. ఆ మాటతోనే, ఈమె నిర్దోషి యనియుఁ జెప్పును. ఈ రెండవ పనిని మనము గుర్తింపము. నా యనుభవములో బాధితుల కన్నుల నీరు తిరుగునది శిక్షాకాలము చదివినపుడు కాదు. ‘నేరము రుజువైనది’ అను మాట విన్నపుడు.

శిక్ష లభింపనపుడు దండనేచ్ఛ యెచ్చటికిఁ బోవును? బలహీనుఁడైనచో లోపలికిఁ దిరిగి తన్నే కొట్టుకొనును; మన చీటీ కట్టిన నేఁతగాఁడు చేసినట్లు. గుంపైనచో బయటికిఁ దిరిగి, విచారణ లేకయే యెవ్వరినో యొకరిని గొట్టును. రెండును నొక్క యూట నుండి పుట్టిన వాఁగులే.

2019 నవంబరు 27వ తేది రాత్రి శంషాబాదు వద్ద నొక యువ పశువైద్యురాలు ఘోరమునకు గుఱియయ్యెను. ఆమె దేహమును షాద్‌నగరు సమీపమున చటాన్‌పల్లి వంతెన క్రింద దహించిరి. షాద్‌నగరు పూర్వము మహబూబునగరము జిల్లాలోనిది. పట్టుపడిన నిందితులు నలుగురును నారాయణపేట జిల్లా, అనఁగా పూర్వపు మహబూబునగరము జిల్లా పల్లెలవారే. మొదటి దినములలో మన మేమి వింటిమి? ‘చెల్లెలికి ఫోను చేయుటకు బదులు పోలీసులకేల చేయలేదు’ అని. అధికారములో నుండినవారి నోటనే యా మాట వచ్చెను. డిసెంబరు 6వ తేది తెల్లవాఱుజామున నలుగురు నిందితులును చటాన్‌పల్లి వద్దనే పోలీసుల తుపాకులకుఁ గూలిరి. జనులు పోలీసులపైఁ బూలు చల్లిరి. సర్వోన్నత న్యాయస్థానము నియమించిన సిర్పూర్కరు విచారణ సంఘము 2022లో, ఎదురుకాల్పులన్న కథనము నమ్మఁదగినది కాదనియు, చంపవలెనను తలంపుతోనే కాల్పులు జరిగెననియు, నలుగురిలో మువ్వురు మైనరులనియుఁ దేల్చెను.

ఆ పది దినములలోఁ బూలు చల్లినవారిలో ‘ఆమె యేల ఫోను చేయలేదు’ అని యడిగినవారును లేకపోలేదు. ఇది విచిత్రము కాదు. ఆ ప్రశ్నయు, ఆ పూలును, రెండును మన భయమును జల్లార్చుకొనుటకే. అందు పోయినదేది? విచారణ పోయినది. సాక్ష్యముతో, ప్రమాణముతో, ఎవ్వరెవ్వ రేమి చేసిరో నిరూపించి చదువవలసిన తీర్పు చదువఁబడలేదు. దోషులన్న మాట తుపాకి చెప్పెను. ఆమెయందు లోపమేమియు లేదన్న మాటను తుపాకి చెప్పలేదు, చెప్పనేరదు.

దీనికి మిర్యాలగూడ వ్యవహారమును పోల్చి చూడుఁడు. 2018 సెప్టెంబరు 14న నొక దళిత యువకుని, గర్భవతియగు భార్య కన్నుల యెదుట, ఆసుపత్రి వాకిట నఱకి చంపిరి. కులము దాఁటి పెండ్లాడుటయే యాతఁడు చేసినది. చంపించినట్లు నేరారోపణ పొందినవాఁడు ఆమె కన్నతండ్రి. ‘ఆమె యట్లు చేయకుండిన నిరువురు బ్రదికియుందురు గదా’ యని యామెను నిందించినవారెందఱో! తండ్రిని మెచ్చిన మాటలును మనము వినకపోలేదు. తండ్రి 2020 మార్చిలో, తీర్పు రాక మునుపే, ప్రాణము దీసికొనెను. ఆ నిందయు నామె తలపైననే పడెను. అయినను హతుని కుటుంబమువారు కోర్టు మెట్లు విడువలేదు. ఆఱున్నర సంవత్సరములకు, 2025 మార్చి 10న, నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానము ఏడుగురిని దోషులుగా నిర్ణయించి, ఒకనికి మరణశిక్షయు, ఆఱుగురికి యావజ్జీవ శిక్షయు విధించెను. మరణశిక్ష మంచిదా కాదా యను చర్చ కిది చోటు కాదు. నేఁ జెప్పునది యింతే: ప్రేమించుట నేరము కాదు, చంపుట నేరము అని ప్రమాణపూర్వకముగా నొక గ్రంథమునకు వ్రాఁతయెక్కెను. ఆఱున్నరేండ్లు మిక్కిలి దీర్ఘము. కాని యా వ్రాఁతను ఏ పంచాయతి కొట్టివేయలేదు.

న్యాయస్థానముల జాగు నేనెఱుఁగనిది కాదు. నా జీవితమంతయు వాయిదాలలోనే గడచెను. అయినను చట్టము బాధితుని పక్షమునకుఁ గొంత తిరిగినది. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేర మెచ్చట జరిగినను ఏ ఠాణాయందైనను ఫిర్యాదు వ్రాసికొనవలసినదే. ‘మా హద్దు కాదు’ అని త్రిప్పి పంపరాదు. దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో తొంబది దినములలో బాధితునకుఁ దెలుపవలెను. ముద్దాయిని విడిచిపెట్టినచో అప్పీలు చేసికొను హక్కు బాధితునకుఁ గలదు. పరిహారపు పథకము కలదు. 1987 నాఁటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతోఁ బని లేకయే యుచితముగా వకీలు నిత్తురు. మానభంగ బాధితురాలి పేరు ప్రకటించుట నేరము. పసిపిల్లలపై జరిగిన యత్యాచారము తెలిసియుఁ దెలుపకుండుట 2012 నాఁటి చట్టము ప్రకారము శిక్షార్హము. కులపెద్దలు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. అట్టి వ్యవహారమును కులములోనే ‘సర్ది’ రాజీ చేయుట పెద్దఱికము కాదు, నేరము.

కావున ఈ మహాసభ వారికి నావి నాలుగు మనవులు.

మొదటిది: బాధపడినవారితో మన మొదటి మాట ‘ఏల పోతివి’ అని యుండరాదు. ‘తప్పు నీది కాదు; మేము నీ వెంట నున్నాము’ అని యుండవలెను. జాగ్రత్తలు చెప్పుటకు తరువాత దినములు చాలఁ గలవు.

రెండవది: నేరమునకు గుఱియైనవారికి గాని వారి కుటుంబమునకు గాని తప్పు, శుద్ధి, వెలి యనునవి మన కులములో నేయూరను నుండరాదని తీర్మానింపుఁడు. పూర్వము వేసినవి యున్నచో, బ్రదికియున్నవారి యిండ్లకుఁ బోయి, వ్రాసినది తప్పని మరల వ్రాసి యిండు. నే నా భీవండి యింటికి మొన్న సంక్రాంతికిఁ బోయి వ్రాసి యిచ్చితిని. తండ్రి లేఁడు. ఆమె చదివి మడిచి పాత చీటీ నుంచిన పెట్టెలోనే పెట్టినది.

మూఁడవది: ప్రతి శాఖా సంఘమున నిరువురు, అందొకరు స్త్రీ, ఠాణాకును కోర్టుకును బాధితుల వెంటఁ బోవుట కేర్పడవలెను. బస్సు చార్జీలకు, వాయిదా దినపు కూలి నష్టమునకు సంఘనిధి నుండి యీయవలెను. ముద్దాయి మనవాఁ డైనపుడు సైతము నిధి బాధితుని పక్షముననే యుండవలెను. ఇదియే కష్టమైన పరీక్ష.

నాలుగవది: కోపముతో మనమే దండించుటకుఁ గాని, దండించినవారికిఁ బూలు చల్లుటకుఁ గాని పోవలదు. విచారణ జరుగవలెనని పట్టుపట్టుఁడు. విచారణ కోరుట నేరస్థునిపై దయ కాదు. బాధితుని నిర్దోషిత్వమును వ్రాఁతలోనికిఁ దెచ్చుటకు వేఱు త్రోవ లేదు.

ముగించుటకు ముందొక మాట. మనము మార్కండేయ మహర్షి వంశీయులమని చెప్పుకొందుము. పదునాఱేండ్ల యా బాలుని మెడలో యమపాశము పడినపుడు, శివలింగమును గౌఁగిలించుకొన్న వానిని జూచి పరమేశ్వరుఁడు, ‘ఇంత యాపద వచ్చుటకు నీ వేమి చేసితివి’ అని యడుగలేదు. బాలుని ప్రక్కను నిలిచెను. ఏఁటేఁటను మన మా మహర్షి జయంతి జరుపుకొనుచున్నాము. ఆ కథలో మనకుఁ దగిన పాత్ర యేదో యాలోచింపుఁడు. పడుగులో నొక పోఁగు తెగినపుడు నేఁతగాఁడు పోఁగును దిట్టఁడు. మగ్గ మాపి, వంగి, రెండు కొసలు వెదకి యతుకును. మన మనుష్యుల యెడలను ఆ మాత్రపు నేర్పు చూపింతుము గాక.